కంపెనీలో శిక్షణ పొందుతూనే మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ చదవడం ఎలా: సిక్కోలు, విజయనగరం విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఉద్దానం నుంచి విశాఖ కేజీహెచ్‌కు వచ్చే కిడ్నీ రోగి చేతిలో తరచూ ఒక ప్లాస్టిక్ సంచి కనిపిస్తుంది. సోంపేట ల్యాబు ఇచ్చిన రక్తపరీక్ష కాగితం, పలాసలో రాసిన మందుల చీటీ, శ్రీకాకుళంలో తీసిన స్కానింగ్ ఫిల్మ్, ఆరోగ్యశ్రీ కాగితాలు అన్నీ అందులోనే మడతలు పడి ఉంటాయి. డాక్టరు వాటిని బల్లమీద పరచి, తేదీల వరుసలో పేర్చి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎప్పుడు ఎంత ఉందో వెతుక్కుంటారు. ఒక్క కాగితం ఇంట్లో ఉండిపోయినా ఆ పరీక్ష మళ్లీ చేయించాల్సిందే. మళ్లీ సూది, మళ్లీ ఖర్చు, మళ్లీ ఒకరోజు కూలి పోవడం.

ఆ సంచిలోని సమాచారం రోగితో పాటు భద్రంగా ప్రయాణించాలి. ఏ ఆసుపత్రిలో తెరిచినా ఒకే అర్థం రావాలి. రోగి ఒప్పుకున్నవారికి తప్ప ఇంకెవరికీ కనబడకూడదు. మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ చేసే పని ఇదే. ఇందులో కొంత వైద్యం, కొంత కంప్యూటర్ శాస్త్రం, కొంత గణాంకం, కొంత చట్టం కలుస్తాయి. ఏ ఒక్కటీ పూర్తిగా రానవసరం లేదు, కానీ ఏదీ బొత్తిగా రాకపోతే కుదరదు.

జర్మనీలో హైడెల్‌బర్గ్, హైల్‌బ్రాన్ విద్యాసంస్థలు కలిసి 1972లోనే దీనికి ప్రత్యేక డిగ్రీ పెట్టాయి. ఆ దేశంలోనే డ్యూయల్ స్టడీ అనే పద్ధతి కూడా ఉంది. విద్యార్థి ముందుగా ఒక కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంటాడు. ఆ తర్వాత కొన్ని నెలలు తరగతి, కొన్ని నెలలు కంపెనీ చొప్పున మారుతూ చదువుతాడు. చదివినంత కాలం కంపెనీ జీతం ఇస్తుంది. స్టుట్‌గార్ట్, మన్‌హైమ్ నగరాల్లో 1974లో మొదలైన ఈ తరహా సంస్థలే 2009లో ఒక సహకార విశ్వవిద్యాలయంగా మారాయి. అక్కడికి వెళ్లాలనుకునేవారు ముందు జర్మన్ భాష నేర్చుకోవాలి, ఎందుకంటే ఆసుపత్రి రికార్డులు, కంపెనీ సమావేశాలు ఆ భాషలోనే నడుస్తాయి. ఇక్కడే ఉండి చదవాలనుకునేవారు తరగతినీ కంపెనీనీ తామే జత చేసుకోవాలి. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం.

నేను చెప్పే సలహాలన్నీ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. సిలబస్ పట్టుకుని మొదటి పేజీ నుంచి చదవకండి. ఒక రోగి రికార్డును పట్టుకుని, అది కౌంటరులో పుట్టిన దగ్గర నుంచి ఎక్కడెక్కడికి వెళుతుందో వెంబడించండి. ఎక్కడ మీకు అర్థం కాకుండా ఆగిపోతే ఆ వారం చదవాల్సిన పాఠం అదే.

మొదటి అడుగు: ఏ తలుపులోంచి లోపలికి వెళ్లాలి

మన జిల్లాల పిల్లలకు ఈ రంగంలో నాలుగైదు తలుపులు కనిపిస్తాయి. ఎక్కువమంది బీఎస్సీ, బీఫార్మసీ చదివినవారు మెడికల్ కోడింగ్ వైపు వెళతారు. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి, జబ్బులకూ చికిత్సలకూ సంకేతాలు ఇచ్చే పని అది. అక్కడ 2015 అక్టోబరు 1 నుంచి జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ అయిన ఐసీడీ-10 సంకేతాలు వాడుతున్నారు కాబట్టి ఆ వర్గీకరణ మీకు కొట్టినపిండి అవుతుంది. శరీర నిర్మాణం, జబ్బుల పేర్లు, డాక్టర్లు రాసే తీరు బాగా వంటబడతాయి. అయితే రోజుకు ఇన్ని చార్టులు అనే లెక్కలో మనిషి ఇరుక్కుపోతాడు, డేటాబేస్ అనేదే కంటబడదు. కోడింగ్‌లో చేరడం తప్పు కాదు. చేరి, చుట్టూ ఏముందో చూడకుండా సంవత్సరాలు గడిపేయడం నష్టం.

రెండో తలుపు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ తయారుచేసే లేదా నడిపే కంపెనీలు. మూడోది ఆరోగ్య బీమా క్లెయిముల పరిశీలన. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి, మిగతావి మహబూబ్‌నగర్, అనంతపురం. ముందస్తు అనుమతి, ప్యాకేజీ సంకేతం, డిశ్చార్జి తర్వాత క్లెయిము అనే వరుస ఇక్కడి ఆసుపత్రులకు అప్పటి నుంచీ తెలుసు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రతో కాసేపు మాట్లాడండి, పుస్తకంలో లేని సంగతులు తెలుస్తాయి. నాలుగోది ఔషధ కంపెనీలు. పైడిభీమవరంలో ఉన్నవి ప్రధానంగా తయారీ కర్మాగారాలు, అక్కడ నేర్చుకునేది నాణ్యతా రికార్డుల క్రమశిక్షణ. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల కంపెనీలున్నాయి, పరికరం నుంచి సమాచారం బయటకు ఎలా వస్తుందో చూడాలంటే అది మంచి చోటు.

నన్ను అడిగితే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సపోర్టు బల్లనే ఎంచుకోమంటాను. పేరుకు చిన్న ఉద్యోగం. నర్సు ఫోన్ చేసి బిల్లు రావడం లేదంటుంది, ల్యాబు నుంచి ఫలితం రికార్డుకు అంటుకోలేదంటారు. కానీ ఆసుపత్రి మొత్తం ఆ ఫోన్ల గుండానే కనిపిస్తుంది. అంత విశాలమైన చూపు ప్రోగ్రామరు కుర్చీలో మొదటి సంవత్సరం దొరకదు.

రెండో అడుగు: చదువుకు ఒక గట్టి దారి

డిగ్రీలో ఉన్నవారు ముందుగా తమ కాలేజీలోనే అడగాలి. మన రాష్ట్రంలో 2020-21లో వచ్చిన కొత్త డిగ్రీ పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. దాన్ని సంతకాల కోసం కాకుండా ఆసుపత్రిలోనో ఆరోగ్య సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో గడిపితే చదువూ శిక్షణా అక్కడే కలిసిపోతాయి. అప్రెంటిస్‌షిప్ కలిపిన డిగ్రీలకు యూజీసీ మార్గదర్శకాలు ఉన్నాయి. మీ విశ్వవిద్యాలయం వాటిని అమలు చేస్తోందో లేదో ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ కార్యాలయాల్లో స్వయంగా కనుక్కోండి. నోటిమాట నమ్మి ఫీజు కట్టకండి.

డిగ్రీ లేదా డిప్లొమా అయినవారికి కేంద్రం నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం ఉంది. ఏడాది శిక్షణ, నెలనెలా భత్యం, చివర ధ్రువపత్రం ఇస్తారు. నిర్దేశించిన కనీస భత్యంలో సగం కేంద్రమే భరిస్తుంది. మిమ్మల్ని తీసుకోవడానికి చిన్న కంపెనీ వెనుకాడుతుంటే ఈ మాట చెప్పి చూడండి, ఈ సంగతి తెలియని యజమానులు ఇంకా ఉన్నారు.

ఉద్యోగం చేస్తూ పీజీ చదవాలంటే దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతిస్తోంది కాబట్టి కాలేజీకి వెళ్లి ఒకటి చదువుతూ దూరవిద్యలో ఇంకొకటి పెట్టుకోవచ్చు. బిట్స్ పిలానీ వంటి సంస్థలు ఉద్యోగుల కోసమే కోర్సులు నడుపుతున్నాయి, కాకపోతే ఖర్చు ఎక్కువ. డబ్బు లేనప్పుడు ఎన్‌పీటీఈఎల్, స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలు చాలు. పాఠాలు ఉచితం, పరీక్ష రాసి ధ్రువపత్రం తీసుకోవాలంటేనే రుసుము. ముందు డేటాబేస్‌లు, ఆ తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఆ పైన జీవగణాంకం తీసుకోండి. కృత్రిమ మేధ కోర్సు మొదటి ఏడాది ముట్టుకోకండి. మురికి డేటాను కడగడం రానివాడి చేతిలో ఆ సాధనం హానికరం, అదీ రోగుల విషయంలో.

మూడో అడుగు: సంతకం పెట్టేముందు

ఒప్పందం ఇంటికి తెచ్చుకుని, ఇంట్లోవాళ్ల ముందు పైకి చదవండి. అందులో శిక్షణ కాలం, భత్యం, పనివేళలు, సెలవులు స్పష్టంగా రాసి ఉండాలి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే శిక్షణార్థి, కార్మికుడు కాదు. అంటే కార్మిక చట్టాల రక్షణలన్నీ మీకు వాటంతట అవే వర్తించవు. అందుకే ప్రతి అంశం కాగితం మీద ఉండటం ముఖ్యం. పరీక్షల సెలవు గురించి ఒక వాక్యం రాయించుకోండి. నోటితో ఒప్పుకున్న మేనేజరు ఆరు నెలల్లో మారిపోవచ్చు.

టెన్త్, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. చూపించి, నకళ్లు ఇచ్చి, అసలువి వెనక్కి తీసుకోండి. శిక్షణ ఇస్తామని ముందే డిపాజిట్ అడిగే చోటికి అసలు వెళ్లవద్దు. మన జిల్లాల నుంచి హైదరాబాదు వెళ్లి ఇలా మోసపోయిన కుటుంబాలు ఉన్నాయి. ఆ డబ్బు వెనుక తాకట్టు పెట్టిన పుస్తెలో, అమ్ముకున్న జీడితోటో ఉంటుందని గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: మొదటి మూడు నెలలు కౌంటరు దగ్గర

ఈ అడుగు మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని దాటేసి నేరుగా ప్రోగ్రామింగ్‌కు పరిగెడతారు.

మీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రి ఏదైనా ఉంటే అక్కడి ఓపీ రిజిస్ట్రేషన్ కౌంటరు పక్కన కొన్ని ఉదయాలు కూర్చోవడానికి అనుమతి అడగండి. మాట్లాడకుండా చూడండి. ఒక పెద్దావిడ వస్తుంది. పేరు అడిగితే పైడితల్లి అంటుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకున్నవారు లేని వీధి ఉండదు కాబట్టి కంప్యూటరులో డజన్లకొద్దీ పైడితల్లులు, పైడమ్మలు, పైడిరాజులు ఉంటారు. ఇంటిపేరు ముందు రాయాలా, వెనుక రాయాలా అన్నది గుమస్తాను బట్టి మారుతుంది. ఇంగ్లీషులో ఆ పేరును ఒకరు వై అక్షరంతో, ఇంకొకరు ఏ, ఐ అక్షరాలతో కొడతారు. అప్పలనరసమ్మ ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట రెండు మాటలుగా పడుతుంది. వయసు అడిగితే యాభయ్యో అరవయ్యో అని పక్కనున్న కోడలు చెబుతుంది. ఫోన్ నంబరు కొడుకుది. వచ్చేసారి కూతురు తీసుకొస్తే నంబరు మారిపోతుంది. వెనుక పెద్ద వరుస ఉంది. గుమస్తా పాత రికార్డు వెతికే ఓపిక లేక కొత్త నంబరు ఇచ్చేస్తాడు.

ఆ క్షణంలో ఒక మనిషి రెండు రికార్డులుగా చీలిపోయింది. ఈ శాస్త్రంలో దీన్ని డూప్లికేట్ రికార్డుల సమస్య అంటారు. దీనికి పరిష్కారంగా ఆసుపత్రులు రోగుల మూల సూచిక పెట్టుకుంటాయి. పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు, ఫోన్ వంటివి పోల్చి, ఈ ఇద్దరూ ఒకరేనా అని లెక్కగట్టే పద్ధతి అది. ఆరోగ్య రికార్డులను ఆన్‌లైన్‌లో కలిపే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. దాని కింద రోగికి ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, అంటే ఆభా నంబరు కూడా ఇందుకు ఉపయోగపడుతుంది. ఓపీ కౌంటరులో క్యూఆర్ స్కాన్ చేసి వివరాలు పంపే సదుపాయం కూడా ఆ మిషన్‌లో భాగమే. అది పనిచేసినప్పుడు ఎలా ఉంది, ఫోన్ లేని రోగి వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు, రెండూ నోటుపుస్తకంలో రాసుకోండి.

అక్కడి నుంచి రికార్డు వెంట నడవండి. డాక్టరు గది, ల్యాబు, ఎక్స్‌రే, మందుల కౌంటరు, వార్డు, డిశ్చార్జి, బిల్లింగ్. ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇక్కడ కొత్తగా ఏ సమాచారం పుడుతోంది, ఎవరు రాస్తున్నారు, తర్వాత ఎవరికి కావాలి. డాక్టర్లు రోగి చెప్పినది, తాము చూసినది, అంచనా, చికిత్స ప్రణాళిక అనే నాలుగు భాగాల్లో రాయడం గమనిస్తారు. 1960లలో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు సమస్యల వారీగా రికార్డు రాయాలని పట్టుబట్టిన దగ్గర నుంచి వచ్చిన అలవాటు అది. వార్డు నర్సులను అక్కా అని పిలిచి అడిగితే ఎంతో ఓపికగా చెబుతారు, కాకపోతే మందులు ఇచ్చే వేళ అడగకూడదు.

ఐదో అడుగు: ఒకే ఒక్క పరీక్షతో డేటాబేస్ నేర్చుకోవడం

డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్. దాన్ని నేర్చుకోవడానికి దుకాణం అమ్మకాల ఉదాహరణలు వద్దు. ఉద్దానం మన పక్కనే ఉంది, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అందుకే క్రియాటినిన్ పరీక్షనే పాఠంగా తీసుకోండి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రోగులు, సందర్శనలు, పరీక్ష ఫలితాలు అని మూడు పట్టికలు కట్టండి. నింపడానికి నిజమైన రోగుల డేటా వాడకూడదు. సింథియా అనే ఉచిత సాధనం కల్పిత రోగులను తయారుచేసి ఇస్తుంది. అది అమెరికా జనాభా నమూనాతో నడుస్తుంది కాబట్టి పేర్లూ ఊళ్లూ అక్కడివే వస్తాయి. వాటిని మన పేర్లతో మార్చే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాయడమే మీ మొదటి అభ్యాసం. మారుస్తూ కావాలనే కొన్ని పేర్లను రెండు రకాల వర్ణక్రమాలతో, రెండు వేర్వేరు నంబర్లతో పెట్టండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు కిడ్నీ వడపోత సామర్థ్యాన్ని అంచనా వేసే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రాన్ని రాయండి. పురుషుల్లో క్రియాటినిన్ డెసీలీటరుకు 0.9 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ఉన్నప్పుడు లెక్క ఇది: క్రియాటినిన్‌ను 0.9తో భాగించి, వచ్చినదాన్ని మైనస్ 1.2 ఘాతానికి పెంచాలి. 0.9938ని వయసు ఘాతానికి పెంచాలి. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి గుణించి, ఆ పైన 142తో గుణించాలి. స్త్రీలకు 0.9 బదులు 0.7 వాడి, చివర 1.012తో గుణించాలి. క్రియాటినిన్ ఈ హద్దుకన్నా తక్కువ ఉంటే ఘాతం మారుతుంది, పురుషులకు మైనస్ 0.302, స్త్రీలకు మైనస్ 0.241.

క్రియాటినిన్ 1.8 ఉన్న యాభై ఏళ్ల పురుషుడికి లెక్కగడితే దాదాపు 45 వస్తుంది. అదే మనిషి వయసు అరవై అని కౌంటరులో పడితే దాదాపు 43 వస్తుంది. తేడా రెండే కదా అనిపించవచ్చు. కానీ వైద్యులు 45 నుంచి 59 వరకు 3ఏ దశ అనీ, 30 నుంచి 44 వరకు 3బీ దశ అనీ విడదీస్తారు. కోడలు చెప్పిన ఉజ్జాయింపు వయసు ఆ మనిషి జబ్బు దశనే మార్చేసింది. ఇది మీ చేతులతో మీరే లెక్కగట్టి చూసినప్పుడు కౌంటరు గుమస్తా పని ఎంత విలువైనదో తెలుస్తుంది.

తర్వాతి అభ్యాసం కొంచెం కష్టం. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే లోపం మూడు నెలలకు పైగా ఉండాలి. కాబట్టి కనీసం తొంభై రోజుల దూరంలో తీసిన రెండు ఫలితాల్లోనూ వడపోత 60 కన్నా తక్కువ ఉన్న రోగులందరినీ వెలికితీసే ప్రశ్న రాయండి. జవాబు వచ్చాక, మీరు కావాలనే చీల్చిన రోగులు అందులో ఉన్నారేమో చూడండి. చాలామంది ఉండరు. మొదటి ఫలితం ఒక నంబరు కింద, రెండోది ఇంకో నంబరు కింద ఉండిపోయాయి. జబ్బు ఉన్న మనిషి జాబితాలోకే రాలేదు. వర్ణక్రమం తేడా వల్ల ఒకరికి చికిత్స ఆలస్యమయ్యే మార్గం ఇదే. రికార్డులను కలిపి, ప్రశ్నను మళ్లీ నడిపి, సంఖ్య ఎంత పెరిగిందో చూడండి. ఈ ఒక్క అభ్యాసం పూర్తిగా చేసినవారికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి గట్టి విషయం ఉంటుంది.

ఆరో అడుగు: ప్రమాణాలు, ఒక్కొక్కటిగా

మూడు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెడితే ఒకదానిలో సీరం క్రియాటినిన్ అనీ, ఇంకొకదానిలో ఎస్. క్రియాటినిన్ అనీ, మరొకదానిలో క్రియాట్ అనీ ఉంటుంది. మనిషికి మూడూ ఒకటే, యంత్రానికి మూడు వేరు. అందుకే లోయింక్ అనే పద్ధతిలో ప్రతి పరీక్షకూ ఒక సంకేతం ఉంటుంది. రక్తం సీరంలోని క్రియాటినిన్‌ను డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో కొలిస్తే 2160-0. మూత్రంలో కొలిచిన క్రియాటినిన్‌కు సంకేతం వేరు, ఈ రెండింటినీ కలిపేయడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. యూనిట్ మారినా ప్రమాదమే: డెసీలీటరుకు 1.8 మిల్లీగ్రాములు అంటే లీటరుకు సుమారు 159 మైక్రోమోల్‌లు. యూనిట్ రాయని ఫలితాన్ని డేటాబేస్‌లోకి రానివ్వకండి.

జబ్బుల పేర్లకు రెండు వ్యవస్థలున్నాయి. ఐసీడీ ప్రపంచ ఆరోగ్య సంస్థది, లెక్కలకూ బిల్లులకూ పనికొస్తుంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఐసీడీ-10లో ఎన్18 కింద వస్తుంది. ఐసీడీ-11 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది, దాన్నీ పరిచయం చేసుకోండి. స్నోమెడ్ సీటీ ఇంకా సూక్ష్మంగా, డాక్టరు ఆలోచనకు దగ్గరగా ఉంటుంది. భారత్ 2014లో అందులో సభ్యదేశం అయింది కాబట్టి మన దేశంలో వాడకానికి లైసెన్సు ఉచితం. పుణెలోని సీడాక్‌లో ఉన్న జాతీయ వనరుల కేంద్రం దీని బాధ్యతలు చూస్తుంది.

రికార్డు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వెళ్లే పద్ధతులు ఆ తర్వాత. ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది హెచ్‌ఎల్7 అనే సందేశాల ప్రమాణం, అందులో రెండో తరం. కంపెనీలో పరీక్షల కోసం ఉంచిన నమూనా సందేశం ఒకటి అడిగి తీసుకుని, వరుస వరుసా చదవండి. ప్రతి వరుసా మూడక్షరాలతో మొదలవుతుంది. పీఐడీ వరుసలో రోగి, ఓబీఆర్‌లో అడిగిన పరీక్ష, ఓబీఎక్స్‌లో ఫలితం. నిలువు గీతలు లెక్కపెట్టుకుంటూ వెళితే ఓబీఎక్స్ మూడో గడిలో పరీక్ష సంకేతం, ఐదో గడిలో విలువ, ఆరో గడిలో యూనిట్, ఏడో గడిలో సాధారణ హద్దులు దొరుకుతాయి. ల్యాబు ఫలితం అంటుకోలేదని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఈ గడుల్లోనే ఉంటుంది.

ఆ ప్రమాణంలో కొత్త తరం పేరు ఫైర్ (ఎఫ్‌హెచ్‌ఐఆర్). రోగి, సందర్శన, పరిశీలన, మందుల ఆదేశం వంటివి అందులో విడివిడి వనరులు. మీ మూడు పట్టికల్లోని ఒక రోగిని ఫైర్ రూపంలోకి మార్చి, హాపీ అనే బహిరంగ పరీక్షా సర్వరుకు పంపి, తిరిగి తెచ్చుకోండి. అక్కడ పెట్టినది లోకమంతా చూడవచ్చు కాబట్టి కల్పిత రోగి తప్ప ఇంకేదీ పంపరాదు. డిజిటల్ మిషన్‌తో కలవాలంటే సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూడు మజిలీలు దాటాలి: ఆభా నంబరు సృష్టించడం, సరిచూడటం మొదటిది, రికార్డులు పంచుకోవడం రెండోది, రోగి సమ్మతితో వేరేచోటి రికార్డులు తెచ్చుకోవడం మూడోది. మీ కంపెనీ ఏ మజిలీలో ఉందో కనుక్కుని ఆ పనిలో చిన్న భాగమైనా అడగండి. ఎక్స్‌రే, స్కానింగ్ చిత్రాల కోసం డైకామ్ ఉంది. ఇమేజింగ్ కంపెనీలో లేకపోతే దాన్ని రెండో ఏడాదికి వదిలేయవచ్చు.

ఏడో అడుగు: వేళలు కుదుర్చుకోవడం

విజయనగరం నుంచి విశాఖకు రైలులో ఇంచుమించు గంట. శ్రీకాకుళం నుంచి బస్సులో రెండు గంటలకు పైనే, రైలు అయితే ఆమదాలవలస వెళ్లి ఎక్కాలి. రోజూ శ్రీకాకుళం నుంచి తిరగడం ఏడాది పాటు సాగే పని కాదని నా అభిప్రాయం. విశాఖలో నలుగురు కలిసి గది తీసుకుని శనివారం ఇంటికి రావడమే మేలు. విజయనగరం వారు తిరగవచ్చు. ఉదయం రైలులో కొత్త పాఠం, సాయంత్రం రైలులో ఏమీ చదవకపోవడం అనే నియమం పెట్టుకోండి. సాయంత్రం అలసిన బుర్రకు పాఠం ఎక్కదు, ఎక్కడం లేదన్న దిగులు మాత్రం మిగులుతుంది. ఆదివారం ఉదయం కంప్యూటర్ ముందు ఏకబిగిన మూడు గంటలు అభ్యాసం చేస్తే, వారమంతా ముక్కలుగా చదివినదానికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. నెలాఖరు బిల్లింగ్ రోజుల్లో, కొత్త వెర్షన్ విడుదల చేసే వారంలో చదువు ఆపేయండి. సంక్రాంతికీ, సిరిమాను పండగకూ నిస్సంకోచంగా సెలవు పెట్టండి.

పని దగ్గర నేర్చుకునే అవకాశం అడగడానికి మొహమాటపడకండి. ఇలా రాస్తే చాలు: "సార్, వచ్చే వారం ల్యాబు యంత్రం కలిపేటప్పుడు పక్కన కూర్చుని చూడవచ్చా? నాకు వచ్చిన ఫిర్యాదుల టికెట్లు ముందురోజే పూర్తి చేసుకుంటాను." చేయాల్సిన పని చూసుకుని అడిగే శిక్షణార్థికి కాదనేవారు తక్కువ.

ఎనిమిదో అడుగు: రోగి గోప్యత

ఇది ఆలస్యంగా చెబుతున్నా మొదటి రోజు నుంచే పాటించాల్సినది. రోగి వివరాలున్న స్క్రీన్‌కు ఫొటో తీయకండి. సందేహం తీర్చుకోవడానికైనా సరే వాట్సాప్ గుంపులో పెట్టకండి. పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లకండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం వచ్చింది, అమెరికా రికార్డులతో పనిచేసే కంపెనీల్లో ఆరోగ్య సమాచార గోప్యతకు సంబంధించిన ఆ దేశపు 1996 నాటి హిపా చట్టం నియమాలు కూడా పాటించాలి. రెండింటినీ చదవండి.

పేరు తీసేస్తే చాలనుకోవడం పొరపాటు. మందస మండలంలో ఒక చిన్న ఊరు, ముప్పైనాలుగేళ్ల స్త్రీ, వారానికి రెండుసార్లు డయాలసిస్ అని రాసి ఉంటే, ఆ ఊరివాళ్లందరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. పెళ్లి సంబంధాల మీద, ఉపాధి మీద దాని ప్రభావం పడుతుంది. అందుకే ఊరి స్థానంలో జిల్లా, కచ్చితమైన వయసు స్థానంలో వయసు శ్రేణి, తేదీ స్థానంలో సంవత్సరం పెడతారు. హిపా నియమాల్లో ఇలా తీసేయాల్సిన గుర్తింపు అంశాలు 18 ఉన్నాయి. ఆ జాబితాను మన పల్లెలకు అన్వయించుకుంటూ చదవండి. ఇంటిపేరుతోనే కులమూ ఊరూ తెలిసిపోయే చోట జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

తొమ్మిదో అడుగు: శిక్షణ ముగిసే ముందు

ఆఖరి మూడు నెలల్లో ఒక పని పూర్తిగా కట్టండి. బామ్నీ అనే ఉచిత ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఉంది, ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామీణ ఆసుపత్రి అవసరాల నుంచి మొదలైనది అది. దాన్ని మీ కంప్యూటర్‌లో నడిపించి, మీ కల్పిత రోగులను ఎక్కించి, కిడ్నీ జబ్బు అనుమానితుల జాబితా ఇచ్చే నివేదిక ఒకటి జోడించండి. డూప్లికేట్ రికార్డులను మీరు ఎలా పట్టుకున్నారో, ఎక్కడ పట్టుకోలేకపోయారో రెండు పేజీల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. తెలుగు ప్రతిని మీకు కౌంటరు చూపించిన గుమస్తాకు ఇచ్చి చదివించండి. ఆయన ఎత్తిచూపే లోపాలు ఏ ప్రొఫెసరుకూ తట్టవు.

కంపెనీ నుంచి తీసుకునే అనుభవ పత్రంలో శిక్షణ విజయవంతంగా ముగించారన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకండి. ఏ విభాగంలో ఎన్ని నెలలు పనిచేశారు, ఏ ప్రమాణాలతో, ఏ సాఫ్ట్‌వేర్‌తో పనిచేశారన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ముసాయిదా మీరే రాసి ఇస్తే మేనేజరుకూ సులువు. చివరి రోజుకు కనీసం రెండు వారాల ముందే దాన్ని ఇవ్వండి, హెచ్‌ఆర్ విభాగంలో సంతకానికి అంత సమయం పడుతుంది.